పాత్ర అలా ఎందుకు చేసింది? పిల్లలతో కథ చదివించే ఒక పద్ధతి

"పాత్ర స్వభావం రాయండి" అని అడిగితే మా పిల్లలు గుక్క తిప్పుకోకుండా రాస్తారు. "ఇతడు మంచివాడు. ఓర్పు గలవాడు. పెద్దలంటే గౌరవం గలవాడు. ఇతని నుండి మనం ఓర్పును నేర్చుకోవాలి." పేరు తీసేస్తే ఆ జవాబు ఏ కథలో ఎవరికైనా అతుకుతుంది. గైడ్లలో అలా ఉంది, పిల్లలు అలాగే బట్టీ పట్టారు, మార్కులూ పడుతున్నాయి. అది తప్పు జవాబని నేననను. కానీ అది రాయడానికి కథ చదవాల్సిన పనే లేదు.

నేను కళ్యాణదుర్గం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది తరగతులు. చాలామంది అమ్మానాన్నలు బెంగళూరుకు పనికి పోయి ఉంటారు, పిల్లలు ఇక్కడ అవ్వ దగ్గర. ఫోన్లో అమ్మ "బాగుండాం లేప్పా" అన్న తీరును బట్టి ఈ నెల దుడ్లు వస్తాయో రావో చెప్పేయగలరు ఈ పిల్లలు. కాబట్టి మనుషుల మనసు తెలియక వీళ్ళు "ఓర్పు గలవాడు" అని రాయడం లేదు. నోటుబుక్ తెరవగానే ఆ తెలివి పక్కన పెట్టేయాలనుకుంటారు, అంతే. ముందు ఆ తెలివిని కథ మీదికి మళ్ళించాలి, ఆ తర్వాత అది హద్దు దాటకుండా చూడాలి. ఈ రెండోదే కష్టం.

స్వభావానికీ ఉద్దేశానికీ తేడా మొదటి రోజే చెప్పేయండి. ఒకడు పిసినారి. అది స్వభావం. ఆ పిసినారి ఒకరోజు అడక్కుండానే పదివేలు తీసి పక్కింటివాడి చేతిలో పెట్టాడు. ఎందుకు? పిసినారి అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఆ రోజు, ఆ మనిషికి, ఏదో కావాలి. లేదంటే ఏదో భయం. అది పట్టుకోవడమే ఈ పాఠం.

కథ ఎలాంటిది ఉండాలి

చివర నీతి ఉన్న కథలు వద్దు. "కోపంతో అన్నాడు", "జాలిపడి ఇచ్చాడు" అని రచయితే చెప్పేసే కథలూ వద్దు. అక్కడ పిల్లలకు వెతకడానికి ఏమీ మిగలదు. బోర్డు మీద పట్టేంత చిన్న కథ చాలు. దొరక్కపోతే మనమే రాసుకోవచ్చు. నేను క్లాసు కోసం రాసుకున్నది ఇది (పదును అంటే విత్తడానికి సరిపడా నేల తడి, విత్తనకాయ అంటే విత్తడానికి ఉంచుకున్న వేరుశనగ కాయ):

"రాత్రి పదును వాన పడింది. తెల్లవారి తిప్పయ్య విత్తనకాయ మూట సైకిల్ మీద పెట్టుకుని తమ్ముడు నాగప్ప ఇంటికి వచ్చాడు. అరుగు మీద దించాడు.

'నాకు మిగిలినాయి. నువ్వు ఏసుకో' అన్నాడు.

నాగప్ప మూట వైపు చూడలేదు. 'మాకుండాయి' అన్నాడు. ఆ ఇంట్లో విత్తనం లేదని ఊరంతటికీ తెలుసు.

'అమ్మకు మోకాళ్ళు ఎట్లుండాయి?'

'అట్లే ఉండాయి.'

నాగప్ప భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. తిప్పయ్య చెంబు అందుకున్నాడు. తాగకుండా అరుగు మీద పెట్టి సైకిల్ ఎక్కాడు.

పగలంతా మూట అరుగు మీదే ఉంది. చీకటి పడ్డాక నాగప్ప దాన్ని లోపలికి మోసుకుపోయాడు. మరుసటి రోజు కోడి కూయకముందే ఒక గొర్రెపిల్లను తోలుకుపోయి, అన్న ఇంటి ముందు గుంజకు కట్టేసి, ఎవరినీ లేపకుండా తిరిగొచ్చాడు."

ఇందులో కోపం, ప్రేమ, సిగ్గు అన్న మాటలు ఒక్కటీ లేవు. కావాలనే రాయలేదు.

మొదటి పీరియడ్: ఏం జరిగిందో మాత్రమే

కథ రెండుసార్లు చదివించండి. తర్వాత బోర్డును మూడు భాగాలు చేసి "చేసింది", "అన్నది" అని రెండింటికి శీర్షిక రాయండి. మూడోది ఖాళీ. పిల్లలు చెప్పేది మీరు రాస్తుంటారు. ఎవరో ఒకరు తప్పకుండా "తిప్పయ్య జాలిపడి మూట ఇచ్చాడు" అంటారు. "మూట ఇచ్చాడు" వరకు రాసి ఆగండి. "జాలిపడి ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు" అనండి. దొరకదు. "నాగప్ప కోపంగా అన్నాడు" అంటారు ఇంకొకరు. కోపంగా కూడా దొరకదు. అప్పుడొక పిల్లవాడు లేచి వాదిస్తాడు: "కోపం అని లేదు మేడం, కానీ మూట దిక్కు చూడలేదు గదా!" ఇదిగో, దీని కోసమే ఈ తతంగమంతా. "చూడలేదు" అన్నది కథలో ఉంది. కోపం అన్నది వాడి ఊహ. ఆ రెండింటి మధ్య గీత వాడే గీసుకున్నాడు. ఇప్పుడు మూడో భాగానికి "మనం అనుకుంటున్నది" అని శీర్షిక పెట్టి, కోపాన్ని అక్కడ రాయండి.

ఈ పీరియడ్‌లో ఇంకో పని ఉంది. పిల్లలు వదిలేసిన వాక్యం ఏదో చూడండి. మామూలుగా చెంబు వదిలేస్తారు. "ఈ వాక్యం తీసేస్తే కథ ఆగిపోతుందా?" అని అడగండి. ఆగదు. మరి ఎందుకుంది? కథ నడవడానికి అక్కర్లేని పని పాత్ర చేత చేయించారంటే, ఉద్దేశం సాధారణంగా అక్కడే దాక్కుని ఉంటుంది. మా క్లాసులో ఒక అమ్మాయి చెప్పింది: "చెంబు చేతికి తీసుకున్యాడు మేడం, అది మరదలికి మర్యాద. తాగల్యా, అది తమ్మునికి." ఇంత సూక్ష్మంగా నేను కూడా ఆలోచించి రాయలేదు.

మూడు ప్రశ్నలు

"ఎందుకు చేశాడు?" అని నేరుగా అడిగితే "మంచోడు కాబట్టి" అనే వస్తుంది. అందుకే నేను ఆ ప్రశ్నను ముక్కలు చేసి అడుగుతాను.

మొదటిది: ఇప్పుడే ఎందుకు? తిప్పయ్య పోయిన నెల రాలేదు, వచ్చే నెలా కాదు. పదును వాన పడ్డ మరుసటి తెల్లవారే వచ్చాడు. ఇక్కడ పిల్లలకు మనం చెప్పేది ఏమీ ఉండదు, వాళ్ళే మనకు చెప్తారు. ఏడాది పొడుగునా చాలా తక్కువ వాన పడే జిల్లా ఇది. అదీ సరైన సమయానికి పడాలి. పదునులో విత్తనం పడకపోతే మళ్ళీ ఎప్పుడో, ఆ ఏడాది అసలు ఉందో లేదో. కాబట్టి తమ్ముడు వచ్చి అడిగేదాకా తిప్పయ్య ఆగలేడు. అదే లెక్క నాగప్పకూ వర్తిస్తుంది. "ఇంకొక దినం పంతం పట్టుకుంటే పదును ఆరిపోతాది మేడం, చేను బీడే." మూట పగలంతా బయట ఉండి, చీకటి పడ్డాక లోపలికి ఎందుకు పోయిందో ఈ ఒక్క మాటతో సగం తేలిపోతుంది. పంతం ఒకవైపు, పదును ఒకవైపు. కథంతా ఆ పగలులోనే ఉంది.

రెండోది: ఇంకే దారి ఉంది? పాత్ర చేసిన పని పక్కన, చేయగలిగి ఉండీ చేయని పనులు రాయించండి. తిప్పయ్య మూటను ఎవరో ఒకరి చేత పంపించి ఉండొచ్చు. తల్లి పేరు చెప్పి ఇచ్చి ఉండొచ్చు. "నీ దగ్గర లేవని తెలిసింది, తీసుకో" అని మొహం మీదే అని ఉండొచ్చు. "మిగిలినాయి" అన్నాడు. విత్తే రోజున విత్తనకాయ ఎవరికి మిగులుతుంది? మా పిల్లలకు ఆ అబద్ధం పట్టడానికి అర నిమిషం పట్టదు. ఇస్తున్నట్టు కనిపించకూడదు, అది తిప్పయ్యకు కావాలి. ఒకసారి ఒకడు లేచి, "రైతు సేవా కేంద్రంలో సబ్సిడీ కాయ ఇస్తారు గదా మేడం, నాగప్ప ఆడికి పోవచ్చు గదా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. అది మంచి ప్రశ్న. కథలో ఆ దారి మూసి ఉందని ఎక్కడైనా ఉందా? లేదు. అయితే ఆ దారి ఉండీ నాగప్ప పోలేదా, లేక పోయి దొరక్క వచ్చాడా? కథ చెప్పలేదు కాబట్టి దాన్ని అక్కడే వదిలేశాం. వదిలేయడం కూడా నేర్పాల్సిందే.

మూడోది: ఎవరికి తెలియకూడదు? నాగప్ప మూట తీసుకున్నది చీకట్లో. గొర్రెపిల్లను కట్టింది కోడి కూయకముందు. రెండూ చాటుగా చేశాడు. రెండూ ఒకే చాటా? మొదటిది ఊరి నుంచి దాచాడు. రెండోది ఎవరి నుంచి? గొర్రెపిల్ల గుంజకు కట్టి ఉంటే తెల్లవారి ఊరంతా చూస్తుంది కదా. అంటే అక్కడ దాచింది అన్న మొహం నుంచి మాత్రమే. ఈ ప్రశ్న దగ్గర క్లాసు రెండుగా చీలుతుంది. "ఊరికే తీసుకుంటే మానం పోతాది, అప్పు తీర్చేసినాడు" అని ఒక జట్టు. "అన్నంటే ప్రేమ, నోటితో చెప్పలేడు" అని ఇంకో జట్టు. గొర్రెల కాపరి ఇంటి పిల్లవాడు మధ్యలో దూరి ఒక మాటన్నాడు: "విత్తనకాయ మూటకంటే గొర్రెపిల్లకే ఎక్కువ దుడ్లు వస్తాయి. అప్పే అయితే అంత యాల ఇచ్చినాడు?" అవతలి జట్టు వెంటనే, "ఎక్కువ ఇస్తేనే గదా తల ఎత్తుకునేది!" అంది.

మీరు తీర్పు చెప్పకండి. టీచరు నోట ఒక మాట వచ్చిందంటే అందరూ అదే రాసుకుంటారు, ఇక ఎవరూ ఆలోచించరు. ఏ జట్టు ఎన్ని వాక్యాలు చూపించగలదో బోర్డు మీద రాయించి, గంట కొట్టినా అలాగే వదిలేయండి. రెండు కారణాలూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఎవరో ఒకరు మరుసటి రోజు వచ్చి చెప్తారు. చెప్పకపోతే అప్పుడు మీరు అడగండి.

పాత్ర దాచుకుంటున్నప్పుడు

"అమ్మకు మోకాళ్ళు ఎట్లుండాయి?" అన్న వాక్యాన్ని పిల్లలు మొదట మామూలు పరామర్శగా చదువుతారు. ఇది మీ కోసం చెప్తున్నాను, పిల్లలకు ఈ పేర్లు చెప్పక్కర్లేదు: నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన 33 వ్యభిచారి భావాల్లో, అంటే మనసులో వచ్చిపోయే భావాల్లో, అవహిత్థ అని ఒకటుంది. లోపలి భావాన్ని పైకి కనపడనీయకపోవడం. దానికి ఆయన చెప్పిన గుర్తుల్లో వేరే మాట ఎత్తడం, మాట మధ్యలో తుంచేయడం, లేని ధైర్యం నటించడం ఉన్నాయి. నటుడి కోసం చెప్పిన ఈ గుర్తులు పాఠకుడికీ పనికొస్తాయి. అడిగిన దానికి జవాబు చెప్పకుండా ఇంకేదో మాట్లాడిన చోట పెన్సిల్‌తో గీత గీయమనండి. మాటకూ చేతకూ పొంతన లేని చోట ఇంకో గీత. "మాకుండాయి" అన్నాడు, మూట తీసుకున్నాడు. గీతలు పడ్డ చోట ఆగి మూడు ప్రశ్నలూ మళ్ళీ అడగాలి.

తెలిసిన కథ మీద ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. కైకేయి పేరెత్తగానే క్లాసంతా "చెడ్డది" అంటుంది. వాల్మీకిలో మంథర వచ్చి రాముడి పట్టాభిషేకం సంగతి చెప్పగానే కైకేయి సంతోషించి ఆమెకు నగ బహుమానంగా ఇస్తుంది. రాముడూ భరతుడూ తనకు ఒకటే అంటుంది. ఇది చెప్పగానే పిల్లల మొహాలు మారిపోతాయి. చెడ్డదైతే నగ ఎందుకిచ్చింది? రెండు వరాలు ఎప్పటివో, యుద్ధంలో దశరథుణ్ణి కాపాడినప్పటివి. ఇన్నేళ్ళూ అడగనిది ఆ రాత్రే ఎందుకు అడిగింది? నగకూ వరాలకూ మధ్య మంథర ఏం చెప్పిందో అక్కడికి వెళ్ళాలి. భరతుడు రాముడికి దాసుడవుతాడని, కౌసల్య పాత పగ తీర్చుకుంటుందని భయపెట్టింది. కైకేయికి రాజ్యం మీద ఆశ కంటే ముందు భయం కనిపిస్తుంది. ఆ పక్కనే దశరథుణ్ణి కూడా పెట్టండి. భరతుడు ఊళ్ళో లేని ఈ సమయంలోనే పట్టాభిషేకం జరిగిపోవడం మేలని రాముడితో అన్నది ఆయనే. ఆయనకు ఏం భయం? ఇంట్లో అవ్వలను అడిగి రమ్మనండి. మరుసటి రోజు క్లాసు అదుపు చేయడం మీ వల్ల కాదు.

హద్దు దాటకుండా

ఊహించడం అలవాటయ్యాక పిల్లలు ఆగరు. తిప్పయ్య తమ్ముడి భాగం భూమి కాజేశాడని, ఇప్పుడు పాపభయంతో మూట తెచ్చాడని ఒకరు రాస్తారు. కథలో భూమి మాటే లేదు. "తప్పు" అని కొట్టేయకండి. మార్జిన్‌లో "కథ" అని గానీ "మనది" అని గానీ రాయమనండి. వాక్యం చూపించగలిగితే కథ. మన ఇంటి నుంచో, ఊరి నుంచో, సినిమా నుంచో వచ్చిందైతే మనది. "మనది" అని రాసినందుకు మార్కు తగ్గించకండి, కానీ జవాబు దాని మీద నిలబడకూడదు. ఒక జాగ్రత్త: భూమి సంగతి రాసిన పిల్లవాడి ఇంట్లో నిజంగా అలాంటిది నడుస్తూ ఉండొచ్చు. క్లాసులో దాన్ని తవ్వకండి. కథ దగ్గరికి తిరిగి వెళ్ళండి, వాణ్ణి తర్వాత విడిగా పలకరించండి.

ఇంకో పరీక్ష నాకు బాగా నచ్చుతుంది. చెప్పిన కారణానికి ఏ వాక్యం ఆధారమో, ఆ వాక్యాన్ని బోర్డు మీద తుడిచేయండి. "ఇప్పుడు కూడా నీ కారణం అలాగే నిలుస్తుందా?" నిలిచిందంటే, ఆ కారణం ఆ వాక్యంలోంచి రాలేదు.

ఎంత చెప్పినా "పొగరుబోతు", "మంచోడు" మళ్ళీ తలెత్తుతాయి. ఎదుటివాడి పనికి వాడి గుణాన్నే కారణంగా చూపి, వాడున్న పరిస్థితిని మర్చిపోవడం మనుషులందరికీ ఉన్న జబ్బు. లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీనికి ఒక పేరు కూడా పెట్టాడు. పిల్లలకు ఆ పేరు అక్కర్లేదు. ఇలా అడగండి: "నువ్వు హోంవర్క్ ఎందుకు తేలేదు?" కరెంటు పోయింది మేడం. "నీ పక్కనోడు ఎందుకు తేలేదు?" వాడు సోమరి మేడం. నవ్వులు అయ్యాక, "నాగప్పకు ఆ రోజు కరెంటు ఎక్కడ పోయింది?" అని అడగండి. ఆ తర్వాత మా క్లాసులో అది ఒక నానుడి అయిపోయింది.

రాతలోకి, పరీక్షలోకి

నోటితో ఇంత బాగా చెప్పిన పిల్లలు రాయమనగానే మళ్ళీ గైడు భాషలోకి జారిపోతారు. మొదట్లో ఒక చట్రం ఇవ్వాలి: "ఇతనికి ఫలానాది కావాలి, లేదా ఫలానాది అంటే భయం. ఈ వాక్యం చూసి అలా అనుకుంటున్నాను. వేరే కారణం ఇది కూడా కావచ్చు. కానీ..." ఆ "కానీ" తర్వాత రాసేదానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. చట్రం అలవాటయ్యాక తీసేయండి, లేకపోతే అదే కొత్త గైడు అవుతుంది.

పదో తరగతి పిల్లలకు పరీక్ష టెన్షన్ ఉంటుంది, పేపర్లు దిద్దేవాళ్ళు స్వభావం మాట కోసం చూస్తారు. వాళ్ళతో గొడవెందుకు. మొదటి వాక్యంలో ఆ మాట పెట్టించండి: "నాగప్ప అభిమానం గలవాడు." రెండో వాక్యం నుంచి మన జవాబు: "తనకు విత్తనం లేదని ఊరికి తెలిసినా అన్న ముందు ఒప్పుకోలేదు. పదును పోతుందన్న భయంతో మూట తీసుకున్నాడు, కానీ చీకటి పడేదాకా ఆగాడు. మరుసటి రోజే గొర్రెపిల్లను ఇవ్వడం చూస్తే, అన్న దగ్గర చేయి చాపినవాడిగా మిగలడం అతనికి ఇష్టం లేదని తెలుస్తుంది." ఈ జవాబుకు మార్కు తగ్గించేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇది కాక నేను వాడే ఇంకో ఆట, పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టడం. ఒకడు నాగప్ప, మిగతావాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. ఒకే నియమం: కుర్చీలో ఉన్నవాడు అబద్ధం చెప్పొచ్చు, ఎందుకంటే నాగప్ప చెప్పాడు కాబట్టి. అడిగేవాళ్ళు కథలోని వాక్యంతో ఆ అబద్ధాన్ని పట్టుకోవాలి. వెనక బెంచీల్లో ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు ఇందులో బాగా రాణిస్తారు. యాభై మంది ఉన్న క్లాసులో గోల అవుతుంది, పక్క క్లాసు మాస్టారుకు ముందే చెప్పి పెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక తిరగేసిన అభ్యాసం. చీటీల మీద ఒక్కో ఉద్దేశం రాసి పంచండి: అక్కకు కొత్త బట్టలు తెచ్చారని చెల్లెలికి ఈర్ష్య, బెంగళూరు నుంచి వచ్చిన నాన్న తిరిగి పోకూడదని కొడుకు ఆశ, దొంగతనం చేసింది తనేనని తెలిసిపోతుందేమోనని ఒకడి భయం. చీటీలో ఉన్న మాట గానీ, ఆ అర్థం వచ్చే ఇంకో మాట గానీ వాడకుండా ఏడెనిమిది వాక్యాల కథ రాయాలి. చేతలు, మాటలు మాత్రమే. ఒక పిల్లవాడి కథలో కొడుకు నాన్న చెప్పుల్ని గాదె వెనక దాచాడు. ఇంకొకరి కథలో కొడుకు బస్సు టైము తప్పుగా చెప్పాడు. రాసిన కాగితాలు పేర్లు లేకుండా మార్చుకుని, అవతలివాళ్ళు ఉద్దేశం ఊహించి కింద రాయాలి. ఎవరికీ తట్టలేదంటే రాసినవాడు ఇంకో చేత కలపాలి, వివరణ రాయకూడదు. చదివిన ముగ్గురికీ మూడు వేర్వేరు కారణాలు తోచి, ముగ్గురూ వాక్యాలు చూపించగలిగారా, ఆ కాగితాన్ని దాచి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఎనిమిదో తరగతికి బోర్డు మీద రాయాల్సిన కథ అదే.